22 సాక్‌లు ఎవరి ఖాతాలో?

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు వీడియో, గణాంకాల విశ్లేషణ చేసిన రోజుల్లో నాకు ఎదురైన కేసు ఇది. జట్టునూ మనుషులనూ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. అంకెలను కూడా కొంచెం జరిపాను, వాటి మధ్య పొంతన మాత్రం చెడనివ్వలేదు. ఈ కేసులో నేను మొదట ఇచ్చిన సమాధానం తప్పు, రెండోది సగమే నిజం. మూడోది దొరికేలోపు ఇద్దరు 20 ఏళ్ల కుర్రాళ్లు తమవి కాని నిందలు మోశారు. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

ఈ ఆట తెలియనివారి కోసం ముందుగా కొన్ని మాటలు. దాడి చేసే జట్టుకు 10 గజాలు ముందుకు వెళ్లడానికి 4 అవకాశాలు ఉంటాయి. సెంటర్ అనే ఆటగాడు తన కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి అందించడంతో ప్రతి అవకాశం మొదలవుతుంది. దాన్నే స్నాప్ అంటారు. ఆ బంతిని అందుకునేవాడు క్వార్టర్‌బ్యాక్. సెంటర్‌కు అటూ ఇటూ ఇద్దరు గార్డులు, వారి పక్కన ఇద్దరు టాకిల్‌లు ఉంటారు. ఈ అయిదుగురి వరుసే అఫెన్సివ్ లైన్. పరుగు ఆటలో దారి తెరవడం, పాస్ ఆటలో క్వార్టర్‌బ్యాక్ చుట్టూ గోడ కట్టడం వారి పని. బంతి విసరకముందే, స్నాప్ జరిగిన గీతకు వెనకే ఎదుటివాళ్లు క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడితే అది సాక్. అప్పుడు గజాలూ పోతాయి, అవకాశమూ పోతుంది.

జట్టు ఓడుతున్నప్పుడు తప్పు క్వార్టర్‌బ్యాక్‌దా, లైన్‌దా అనే వాదన అమెరికాలో ప్రతి శనివారం రాత్రీ వినిపిస్తుంది. దాన్ని తేల్చడం కష్టం, ఎందుకంటే ఒకరి పని మరొకరి పనిలో కలిసిపోయి ఉంటుంది. 2019లో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) క్వార్టర్‌బ్యాక్ జో బరో, దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. దేశంలో ఉత్తమ లైన్‌కు ఇచ్చే జో మూర్ అవార్డు కూడా అదే ఏడాది ఎల్ఎస్‌యూకే వచ్చింది. అతని వల్ల లైన్ మెరిసిందా, లైన్ వల్ల అతను మెరిశాడా? ఆ అవార్డును ఒక ఆటగాడికి కాకుండా లైన్ మొత్తానికి ఇస్తారు. అందులో ఎంతో వివేకం ఉందని నాకు అనిపిస్తుంది.

మా జట్టు ముందటి ఏడాది బాగానే ఆడింది. ఆ క్వార్టర్‌బ్యాక్ చదువు ముగించుకుని వెళ్లిపోయాడు, లైన్‌లో ఇద్దరు కూడా వెళ్లారు. కొత్త క్వార్టర్‌బ్యాక్ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా, అంటే జట్టు మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా ద్వారా, వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చాడు. 2018 అక్టోబరులో ఆ పోర్టల్ వచ్చాక, ముఖ్యంగా జట్టు మారినవాళ్లు ఏడాది ఆగకుండా ఆడేలా 2021లో నిబంధన సడలించాక, ఇలా చేరడం మామూలైపోయింది. గార్డుగా ఉన్న కుర్రాణ్ని సెంటర్‌గా మార్చారు. జట్టుకు వెన్నెముక లాంటి ఈ రెండు స్థానాల్లోనూ కొత్తవాళ్లే ఉన్నారు. ఆగస్టులో ఎవరూ దీన్ని ప్రమాదంగా చూడలేదు, నేను కూడా చూడలేదు.

సమస్య

మొదటి 5 మ్యాచ్‌లలో ఒక గెలుపు, నాలుగు ఓటములు, 22 సాక్‌లు. కోచ్‌ల గది రెండుగా చీలింది. క్వార్టర్‌బ్యాక్ బంతిని చేతిలో పెట్టుకుని కూర్చుంటున్నాడని లైన్ కోచ్ అన్నాడు. లైన్ అతనికి ఊపిరి తీసుకునే సమయమైనా ఇవ్వడం లేదని క్వార్టర్‌బ్యాక్ కోచ్ అన్నాడు. అయిదో మ్యాచ్ తర్వాత ఒక వారం ఆట లేదు. ప్రధాన కోచ్ నన్ను పిలిచి, “నాకు సిద్ధాంతాలు వద్దు. ఈ ఖాళీ వారంలో ఎవరి మీద పనిచేయాలో చెప్పు,” అన్నాడు. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం సీజన్‌లో సాధనకు వారానికి 20 గంటలే ఉంటాయి. అందులో ఒక వర్గానికి ఇచ్చిన గంట ఇంకొకరికి ఇవ్వలేం. కాబట్టి అతని ప్రశ్న న్యాయమైనదే.

అప్పటికే చేసిన రెండు ప్రయత్నాలు

నాలుగో మ్యాచ్ రెండో సగంలో క్వార్టర్‌బ్యాక్‌ను మార్చి చూశారు. బదులు వచ్చినవాడికి ఒక్క సాక్ కూడా పడలేదు. “చూశారా?” అన్నారు లైన్ పక్షం వాళ్లు. కానీ ఆ సగం వీడియో చూస్తే కథ వేరు. మేము అప్పటికే చాలా వెనకబడి ఉన్నాం. పెద్ద పాస్ ఒక్కటి తగలకపోతే చాలన్నట్టు ఎదుటి జట్టు ముగ్గురినే ముందుకు పంపి మిగిలిన ఎనిమిదిమందిని వెనక నిలిపింది. ముగ్గురిని ఆపడానికి మాకు అయిదుగురు ఉన్నారు. అలాంటప్పుడు సాక్‌లు పడకపోవడం ఎవరి గొప్పతనమూ కాదు. ఎదుటివాళ్లు ఏం చేస్తున్నారో చూడకుండా ఆ రెండు క్వార్టర్‌బ్యాక్‌లను పోల్చడం తప్పని చెప్పాను. అయిదో మ్యాచ్‌కు మొదటి అబ్బాయే తిరిగి వచ్చాడు.

రెండో ప్రయత్నానికి నేనే కారణం. నాలుగు మ్యాచ్‌ల్లో పడిన 16 సాక్‌లకు ఒక పట్టిక తయారు చేశాను. క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టినవాణ్ని ఆపాల్సింది ఎవరో చూసి, ఆ సాక్ అతని పేరున రాశాను. 16లో 7 కుడి టాకిల్ పేరున వచ్చాయి. అయిదో మ్యాచ్‌కు అతణ్ని పక్కన పెట్టి మొదటి ఏడాది కుర్రాణ్ని దింపారు. ఆ ఒక్క మ్యాచ్‌లోనే 6 సాక్‌లు పడ్డాయి.

పట్టికలోని లోపం ఇప్పుడు సులభంగానే కనిపిస్తుంది. పడగొట్టినవాడి నుంచి వెనక్కి లెక్కిస్తూ పోతే దారి ఎప్పుడూ ఒక లైన్‌మన్ దగ్గరే ఆగుతుంది. క్వార్టర్‌బ్యాక్ పేరు వచ్చే వీలే ఆ లెక్కలో లేదు. సమాధానాన్ని ముందే లోపల పెట్టి ప్రశ్న అడిగాను.

మళ్లీ మొదటి నుంచి

ఖాళీ వారం సోమవారం ఉదయం లైన్ కోచ్ నా గదికి వచ్చాడు. కోపంగా వస్తాడనుకున్నాను, కానీ వచ్చి పక్కన కూర్చున్నాడు. కుడి టాకిల్ ఖాతాలో వేసిన ఒక సాక్ తెరిచి, గోల్ వెనక కెమెరా నుంచి వచ్చిన దృశ్యాన్ని ఒకచోట ఆపాడు. “ఇక్కడ టాకిల్‌ను చూడకు. క్వార్టర్‌బ్యాక్ వెనక పాదం ఎక్కడుందో చూడు,” అన్నాడు.

ఆ పాదం స్నాప్ గీతకు దాదాపు 10 గజాల వెనక ఉంది.

టాకిల్ తన వైపు వచ్చేవాణ్ని నిలబెట్టి ఆపడు. అర్ధచంద్రాకారంలో పక్కకు తోసుకుంటూ పోయి, క్వార్టర్‌బ్యాక్ నిలబడిన చోటును దాటించి వెనక్కి పంపేస్తాడు. ఆ చోటు 8 గజాల దగ్గర ఉంటుందని అతనికి నేర్పారు. క్వార్టర్‌బ్యాక్ 8 గజాల దగ్గరే ఉంటే ఆ తోపు చక్కటి పని. 10 గజాలకు జరిగితే అదే తోపు శత్రువును నేరుగా అతని ఒడిలోకి చేరుస్తుంది. టాకిల్‌కు అతను కనిపించడు, వీపు అటువైపు ఉంటుంది. ఆ రోజు నా పట్టికను తీసేసి మళ్లీ మొదలుపెట్టాను.

ఈసారి రెండు నిర్ణయాలు తీసుకున్నాను. మొదటిది, సాక్‌లను మాత్రమే కాకుండా పాస్ కోసం వెనక్కి తగ్గిన 184 సందర్భాలనూ చూడడం. చెడిపోయినవాటినే చూస్తే చెడిపోనివాటిలోనూ అదే తప్పు జరిగిందో లేదో తెలియదు. రెండోది, ఎవరి తప్పో రాయకుండా, కనిపించినదే రాయడం. స్నాప్ తర్వాత ఎన్ని సెకన్లకు ఒత్తిడి వచ్చింది (అంటే ఎదుటివాడు క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చాడు), అప్పుడు క్వార్టర్‌బ్యాక్ ఎన్ని గజాల వెనక ఉన్నాడు, వచ్చినవాణ్ని ఎవరైనా అడ్డుకున్నారా లేక ఖాళీగా వచ్చాడా అనేవి నమోదు చేశాను.

మధ్యలో ఒక చిక్కు విప్పాల్సి వచ్చింది. “లైన్ బాగుంటే పరుగు ఆటలో సగటు 2.8 గజాలే ఎందుకుంది?” అని క్వార్టర్‌బ్యాక్ కోచ్ అడిగాడు. గట్టి ప్రశ్న అది. పరుగులో కూడా దారి దొరకకపోతే తప్పు లైన్‌దే అవుతుంది. కానీ కాలేజీ ఫుట్‌బాల్ అధికారిక లెక్కల్లో సాక్‌లో పోయిన గజాలను పరుగు ఖాతాలోంచి తీసేస్తారు. వృత్తి ఆటైన ఎన్ఎఫ్ఎల్‌లో వాటిని జట్టు పాస్ ఖాతాలోంచి తీస్తారు. ఏళ్లుగా ఆటలో ఉన్నవాళ్లు కూడా వాదన వేడిలో ఈ తేడాను మరిచిపోతారు. మాకు 160 పరుగుల్లో 448 గజాలు వచ్చాయి. అందులో 22 అసలు పరుగులే కావు, సాక్‌లు. వాటిలో పోయినవి 154 గజాలు. అవి తీసేస్తే 138 పరుగులకు 602 గజాలు, సగటు దాదాపు 4.4. పరుగు ఆటలో మా లైన్ బాగానే ఉంది.

184 సందర్భాల్లో 58 సార్లు ఒత్తిడి వచ్చింది. ముందటి ఏడాది నిష్పత్తి కూడా ఇంచుమించు ఇంతే. అయితే అప్పుడు 5 ఒత్తిళ్లకు ఒక సాక్ పడేది, ఇప్పుడు 58కి 22 పడ్డాయి. లైన్ మునుపటిలాగే కాపాడుతోంది, ఒత్తిడి నుంచి తప్పించుకోవడంలోనే తేడా వచ్చింది. ఒత్తిడి ఎంత శాతం సాక్‌గా మారుతుందన్నది చాలావరకు క్వార్టర్‌బ్యాక్ లక్షణమని మా వృత్తిలో చాలామంది ఒప్పుకుంటారు. బుధవారం నివేదికలో అలాగే రాశాను, సమస్య క్వార్టర్‌బ్యాక్‌దేనని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వారం కింద ఒక పట్టికతో ఒక కుర్రాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టాను. ఇప్పుడు ఇంకో పట్టికతో ఇంకొకణ్ని కూర్చోబెట్టబోతున్నాను. అతని ఫోనుకు ప్రతి ఓటమి తర్వాత ఎలాంటి సందేశాలు వస్తున్నాయో జట్టులో అందరికీ తెలుసు. వాళ్ల అమ్మ ఆ పోస్టులు చదవడం మానేసిందని అతను ఒకసారి నాతో అన్నాడు. అర్ధరాత్రి దాటాక లేచి 22 సాక్‌లనూ ఒక్కొక్కటిగా మళ్లీ చూశాను.

9 సాక్‌లు ఆలస్యంగా వచ్చినవి. అంటే 3 సెకన్లు దాటాక, క్వార్టర్‌బ్యాక్ బాగా వెనక్కి జరిగి ఉన్నప్పుడు పడ్డవి. 3 సార్లు లైన్‌మన్ ముఖాముఖిలో ఓడిపోయాడు. 2 పొరపాటు స్నాప్‌ల వంటివి. మిగిలిన 8లో ఒక ఆటగాడు ఎవరూ తాకకుండా ఖాళీగా, రెండున్నర సెకన్లలోపే వచ్చాడు. ఆ 8 సార్లూ క్వార్టర్‌బ్యాక్ అతని వైపు చూడనైనా లేదు. ఖాళీగా ఒకడు వస్తాడని ముందే తెలిస్తే ఏ క్వార్టర్‌బ్యాక్ అయినా దగ్గరి రిసీవర్‌కు, అంటే పాస్ అందుకునే ఆటగాడికి, బంతిని వెంటనే విసిరేస్తాడు. ఇతను ఆ వైపు కాపలా ఉందని నమ్మి నిలబడ్డాడు. లైన్ కూడా అంతే ధీమాగా రెండో వైపుకు కదిలింది.

క్రికెట్ ఎరిగినవాళ్లకు ఒక పోలిక చెబుతాను. రనౌట్ అయినప్పుడు స్కోరు పట్టికలో ఒక్క బ్యాట్స్‌మన్ పేరే పడుతుంది. కానీ పిలుపు ఎవరిది, విన్నది ఎవరు, ఎవరికి ఏమర్థమైంది అన్నది ఇద్దరి మధ్య జరిగిన విషయం.

రెండు గదులు

స్నాప్‌కు ముందు లైన్ ఎటు కదలాలో ఒక మాటతో పిలుస్తారు. మా జట్టులో ఆ పిలుపు సెంటర్‌ది. కావాలంటే క్వార్టర్‌బ్యాక్ మార్చవచ్చు. అతని పాత జట్టులో ఆ పిలుపు క్వార్టర్‌బ్యాక్‌దే. ఈ తేడా అందరికీ తెలిసిందే. అందుకే జూలైలో రాతపరీక్ష పెట్టారు, అతను అన్నీ సరిగ్గా రాశాడు. అక్కడితో ఆ సంగతి ముగిసిందనుకున్నారు.

నాకు అనుమానం మిగిలింది. కాగితం మీద సమయం ఉంటుంది, చప్పుడు ఉండదు. ఆ 8 సాక్‌లలో 6 పరాయి మైదానాల్లో, వేలమంది అరుపుల మధ్య పడ్డాయి. కోచ్ మాటను ఆటగాడి చెవికి చేర్చే హెల్మెట్ రేడియోతో ఆ ఇబ్బంది తీరిపోయిందని మా కోఆర్డినేటర్ (దాడి వ్యూహం చూసే కోచ్) నమ్మకం. 2024 నుంచి కాలేజీ ఆటలోని అగ్రశ్రేణిలో దాన్ని అనుమతించారు. కానీ ఆ రేడియో మైదానంలో ఒక్క ఆటగాడికే వినిపిస్తుంది. అంటే సెంటర్‌కు వినపడదు. పైగా స్నాప్‌కు గడువు చూపే గడియారంలో 15 సెకన్లు మిగిలి ఉండగానే ఆగిపోతుంది. ఎదుటి జట్టు తన ఎత్తు మార్చేది ఆ తర్వాతే.

గురువారం క్వార్టర్‌బ్యాక్‌నూ సెంటర్‌నూ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టాను. ఇద్దరికీ అవే 30 స్నాప్‌ల దృశ్యాలు చూపించాను. ఆ 8 సాక్‌లతో పాటు బాగా జరిగిన, కాస్తలో తప్పిపోయిన మరో 22 దృశ్యాలు కూడా కలిపాను. లేకపోతే ప్రతిదానిలో తప్పు వెతుకుతూ జవాబు చెబుతారు. స్టేడియం హోరును స్పీకర్లలో గట్టిగా పెట్టాను. పిలుపు వినిపించి, స్నాప్‌కు ముందు దృశ్యాన్ని ఆపి, 4 సెకన్లలో ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు అడిగాను. ఏ వైపు మనకు మనిషి తక్కువ? ఇద్దరినీ ఒకే గదిలో ఎందుకు పెట్టలేదంటే, సెంటర్ జట్టులో పాతవాడు. అతను ఒక మాట అన్నాక కొత్తవాడు ఇంకోటి అనడు.

క్వార్టర్‌బ్యాక్ చేతులు వణికాయి. ఇది విచారణ అనుకున్నాడు. నా మొదటి పట్టిక తప్పని అతనికి చెప్పాను. ఎలా తప్పో వీడియోలో చూపించాను. ఆ తర్వాత కాస్త కుదుటపడ్డాడు.

30లో 11 సార్లు ఇద్దరి జవాబులూ కలవలేదు. ఆ 8 సాక్‌లలో 6 ఈ 11లోనే ఉన్నాయి. విడ్డూరమేమిటంటే, కలవనివన్నీ ఒకే పిలుపు మాట చుట్టూ తిరుగుతున్నాయి. ఆ మాట ఇక్కడ రాయను, జట్టు తెలిసిపోతుంది. మా జట్టులో అది లైన్ కదలాల్సిన వైపును సూచిస్తుంది. అతని పాత జట్టులో అదే మాట రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తే ఆటగాడు) కాపలా కాయాల్సిన వైపును, అంటే సరిగ్గా ఎదుటి వైపును సూచించేది. తీరిగ్గా అడిగితే కొత్త అర్థం చెప్పేవాడు. హోరులో, నాలుగు సెకన్లలో అడిగితే మూడేళ్ల పాత అలవాటు ముందుకొచ్చేది. తాను అలా చేస్తున్నానని అతనికే తెలియదు.

తర్వాత మ్యాచ్‌ల వరుసలో చూస్తే మిగతా ముడులు విడిపోయాయి. ఖాళీగా మనిషి వచ్చిన 8 సాక్‌లలో 5 మొదటి రెండు మ్యాచ్‌లలోనే పడ్డాయి. మొదటి మ్యాచ్‌లో అతను బంతి పట్టుకుని నిలబడే లోతు సగటున 7.8 గజాలు, అయిదో మ్యాచ్ నాటికి 9.6 గజాలు. చూడని వైపు నుంచి దెబ్బ తిన్న మనిషి వెనక్కి జరగడం సహజం. అతను జరిగేకొద్దీ కుడి టాకిల్ తోసిన వాళ్లు అతన్ని అందుకున్నారు. తాను ఓడుతున్నాననుకున్న టాకిల్ ఇంకా వెడల్పుగా, ఇంకా తొందరగా వెనక్కి అడుగేశాడు. దాంతో లోపలి వైపు సందు పడింది. ముఖాముఖి ఓటములు మూడింటిలో రెండు ఆ సందులోంచే వచ్చాయి. 58 ఒత్తిళ్లకు 22 సాక్‌లన్న నా బుధవారం అంకె నిజమే. అయితే అందులో నేను అతని స్వభావమనుకున్నది నిజానికి భయం, ఆ భయానికి కారణం ఒక మాటకున్న రెండు అర్థాలు.

ఏం చేశాం

ఆ మాటను పూర్తిగా తీసేశారు. అర్థం మళ్లీ నేర్పడం కన్నా ఇద్దరికీ కొత్తదైన మాట పెట్టడం మేలని వాదించాను. పాత మాట ఉన్నంతకాలం పాత అలవాటు పొంచి ఉంటుంది. ప్రొటెక్షన్ రకాలు, అంటే క్వార్టర్‌బ్యాక్‌కు కాపలా కాసే పద్ధతులు, ఏడు నుంచి మూడుకు తగ్గాయి. సెంటర్ పిలిచాక క్వార్టర్‌బ్యాక్ చేతితో అదే దిక్కు చూపాలి, చూపకపోతే స్నాప్ లేదు. కోఆర్డినేటర్ గట్టిగానే ప్రతిఘటించాడు. నాలుగు రకాలు పోతే దూరపు పాస్‌లలో సగం పోతాయన్నాడు. అతను చెప్పింది నిజమే, అవి పోయాయి కూడా. కాపలా మనిషి ఎక్కడున్నాడో తెలియని క్వార్టర్‌బ్యాక్ ఆ పాస్‌లు ఎలాగూ వేయలేకపోతున్నాడని ప్రధాన కోచ్ తేల్చాడు. కుడి టాకిల్ తిరిగి జట్టులోకి వచ్చాడు.

వెనక్కి జరిగే అలవాటును మాన్పించడంలో మాత్రం మొదట విఫలమయ్యాం. సాధనలో క్వార్టర్‌బ్యాక్‌కు వేరే రంగు చొక్కా వేస్తారు, అతన్ని ఎవరూ తాకకూడదు. గాయాల నుంచి కాపాడడానికి అది అవసరం. కానీ దానివల్ల నాలుగు సెకన్లు బంతి పట్టుకున్నా శిక్ష ఉండదు, పది గజాలు జరిగినా ఎవరికీ కనపడదు. అందుకని 2.7 సెకన్లకు మోగే బజర్ పెట్టమన్నాను. ఆరో మ్యాచ్‌లో ఒకే సాక్ పడింది. కానీ అతను రెండుసార్లు బంతిని ఎదుటివాళ్ల చేతుల్లోకి విసిరాడు, మ్యాచ్ ఓడిపోయాం. బజర్ అతనికి గడియారాన్ని వినడం నేర్పింది, మైదానాన్ని చూడడం మాన్పించింది. అంకె తగ్గిందని సంతోషించి ఉంటే ఆ బజర్ సీజన్ అంతా మోగేది.

బజర్ తీసేసి క్వార్టర్‌బ్యాక్ కోచ్ తన పద్ధతి పెట్టాడు. వెనక్కి తగ్గి ఆగాక, ప్రతి రిసీవర్‌ను చూడడానికి ముందుకు ఒక చిన్న అడుగు. మొదటివాడికి ఒకటి, రెండోవాడికి ఒకటి, మూడో అడుగుతో బంతి చేయి దాటాలి, ఎవరూ దొరకకపోతే బయటికైనా సరే. కళ్లు పాదాలకు కట్టుబడ్డాయి. అడుగు ముందుకే పడుతుంది కాబట్టి వెనక్కి జరిగే వీలే లేదు. నేను చేసిందల్లా 8 గజాల దగ్గర గడ్డి మీద ఒక తెల్ల గీత గీయించి, ప్రతి సాధన తర్వాత అతని పాదం ఎన్నిసార్లు దాన్ని దాటిందో చెప్పడమే. మూడో వారానికి ఆ లెక్క అతనే ముందుగా నాకు చెప్పేవాడు.

ఆఖరి 7 మ్యాచ్‌లలో 11 సాక్‌లు పడ్డాయి, 4 గెలిచాం. మొత్తం 12 మ్యాచ్‌లలో 5 గెలుపులు. సీజన్ తర్వాతి బౌల్ ఆటకు అర్హత రావాలంటే మామూలుగా 6 కావాలి. ఆ ఆరోది రాలేదు. రెండో సగంలో మేము ఎదుర్కొన్న జట్లలో రెండింటికి దూసుకొచ్చే బలం తక్కువ. కాబట్టి మెరుగుదలంతా మా మార్పుల వల్లేనని నేను అనను. లోతు సగటు 8 గజాలకు దిగడం, ఖాళీగా మనిషి వచ్చిన సాక్‌లు ఏడు మ్యాచ్‌లలో ఒక్కటే ఉండడం మాత్రం ప్రత్యర్థి బలంతో సంబంధం లేనివి. వాటిని నమ్ముతాను.

అప్పటి నుంచి ఏ జట్టు సమస్య నా దగ్గరికి వచ్చినా, ఎవరి తప్పో వెతకకముందే ఆ రెండు గదుల పరీక్ష పెడుతున్నాను. కొత్తగా పోర్టల్ నుంచి వచ్చినవాళ్లుంటే, పాత జట్టులో వాడిన మాటల జాబితాను ముందు వాళ్లతోనే రాయిస్తాను. దీనికి ఒక మధ్యాహ్నం చాలు. మా జట్టులో ఆ మధ్యాహ్నం ఆగస్టులోనే వచ్చి ఉండాల్సింది.

సీజన్ ముగిశాక కుడి టాకిల్ జట్టు వదిలి పోర్టల్‌లో చేరాడు. బెంచీ మీద కూర్చున్న ఆ శనివారమే నిర్ణయించుకున్నానన్నాడు. వెళ్లేముందు నా గదికి వచ్చి, తన పేరున 7 అని ఉన్న ఆ పట్టిక ఇంకా ఎక్కడైనా ఉందా అని అడిగాడు. కొత్త జట్టు కోచ్‌లు అడిగితే ఏమవుతుందోనని అతని బెంగ. అతని ముందే దాన్ని తెరిచి, ఏడింటినీ ఒక్కొక్కటిగా మళ్లీ చూస్తూ, ప్రతిదాని పక్కన క్వార్టర్‌బ్యాక్ ఉన్న లోతు రాశాను. చివరికి అతని పేరున రెండు మిగిలాయి. ఆ రెండూ తనవేనని అతను ఒప్పుకున్నాడు. అచ్చు తీసి ఇచ్చిన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు.